పదిహేడో రేకు మీద నా పేరు

ఆగండి, ఆగండి. పేజీ తిప్పెయ్యకండి. ముందు ఇది వినండి. చివర్లో మిమ్మల్ని ఒక మాట అడగాలి, దానికి జవాబు నాకు రేపు సాయంత్రం ఐదింటిలోపు కావాలి.

నా పేరు హంసిని. ఇరవై నాలుగేళ్ళు. విశాఖపట్నంలో ఒక చిన్న ప్రయోగశాలలో పని చేస్తాను. మేం నలుగురం కలిసి ఒక యంత్రం కనిపెట్టాం, దాని గురించి చెప్పమంటే నేను అన్నం కూడా మానేసి చెప్తాను. కానీ దానికన్నా ముందు మా మావయ్య గురించి చెప్పాలి.

అప్పలకొండ మావయ్య మా అమ్మకి తమ్ముడు. ఊళ్ళో ఆయనకి అప్పడాల షెడ్డు ఉంది. పన్నెండు మంది ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పీటలు ముందేసుకుని కూర్చుని, మినప్పిండి ఉండల్ని అప్పడాలుగా ఒత్తుతారు. పైకప్పు సిమెంటు రేకులు. మొత్తం నలభై రెండు. ఎప్పుడో మా తాతయ్య వేయించినవి. ఆ రేకుల్లో ఆస్బెస్టాస్ అనే పీచు కలిసి ఉంటుందని, రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం అది ఎవర్నీ ఏమీ చెయ్యదని, కోసినా, బెజ్జం వేసినా, గీకినా మాత్రం కంటికి కనపడని ముళ్ళలా గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లో కూర్చుండిపోతుందని ఇప్పుడు బళ్ళో పిల్లలకి కూడా తెలుసు. మా చిన్నప్పుడు ఎవరికీ తెలీదు. రేకంటే రేకే.

పీచు చట్టం వచ్చాక ప్రతి పనిచోటుకీ ఒక బాధ్యుడు ఉండాలన్నారు. పీచు ఎక్కడెక్కడుందో అతను వెతకాలి, రాయాలి, ఆర్నెల్లకోసారి చూడాలి, దాన్ని ముట్టుకోబోయే ప్రతి మనిషికీ ముందే చెప్పాలి. వేరే షెడ్ల వాళ్ళు గొణుక్కుంటూ చేశారు. మావయ్య మాత్రం పెళ్ళిచూపులకి వెళ్తున్నట్టు తల దువ్వుకుని వెళ్ళి ఆ బాధ్యుడి బిళ్ళ తెచ్చుకున్నాడు. చొక్కా మీద రోజూ అదే. రేకులన్నిటికీ నంబర్లు వేశాడు. ఒక్కో రేకుకీ ఒక్కో పేజీ చొప్పున పెద్ద పుస్తకం కుట్టించాడు. చట్టం రాకముందు జరిగినవి కూడా గుర్తున్నంతవరకు రాయమంటే, తన పాత డైరీలన్నీ ముందేసుకుని పదిహేనేళ్ళవి ఎక్కించాడు. "ఫలానా తుపానుకి తొమ్మిదో రేకు మూల విరిగింది. నేనే తీశాను" అని, కింద సంతకం.

ఒకసారి కెమెరా బిగించడానికి ఒక మీసాలాయన డ్రిల్లు మిషను పట్టుకుని వచ్చాడు. ఇంకా మిషను ఎత్తనేలేదు, మావయ్య నిచ్చెన పట్టేసుకున్నాడు.

"ఆ డ్రిల్లు కింద పెట్టు బాబూ. ముందు పుస్తకం చదువు, సంతకం పెట్టు."

"నాలుగు బెజ్జాలకి పుస్తకం ఏటండీ?"

"నాలుగే. ఒక్కో బెజ్జంలోంచి ఎన్ని ముళ్ళు లేస్తాయో తెలుసేటి నీకు? అవి పీల్చేది నువ్వు. నేను కాదు. కూకో, టీ తాగు, చదువు."

పాపం ఆయన టీ తాగుతూ పదకొండు పేజీలు చదివి, ఆ కెమెరాని బయట కొబ్బరిచెట్టుకి బిగించి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ అందులో కాకులే కనిపిస్తాయి.

సరే, ఇక యంత్రం. దాన్ని మేం తంబురా అంటాం. చూడ్డానికి అట్లపెనంలా ఉంటుంది. మనిషి వీపుకి ఆనిస్తే లోపలికి సన్నటి మోత పంపిస్తుంది, ఊపిరితిత్తుల్లో ఉన్న ప్రతి పీచూ ఆ మోతకి తీగలా పలుకుతుంది. ఏ రేకు పీచుది ఆ రేకు శ్రుతి. ఇంకా ఉంది, ఇంకా ఉంది! లోపలికి వెళ్ళిన పీచు చుట్టూ మన ఒళ్ళు ఇనుము పూత పూస్తూ పోతుంది, రోజులు గడిచేకొద్దీ పూత మందమై శ్రుతి దిగుతుంది. ఎంత దిగిందో కొలిస్తే అది ఏ రోజు లోపలికి వెళ్ళిందో తెలిసిపోతుంది. తేదీతో సహా!

మొదటిసారి అది పనిచేసింది ఒక ముసలి వాచ్‌మన్ మీద. తంబురా ఒక తేదీ చెప్పింది. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి, "ఆరోజు మా రెండో పాప పుట్టింది. గోదాములో గోడ పగలగొడతన్నారు. కబురొస్తాదని అక్కడే కూకున్నాను" అన్నాడు. తేదీ సరిపోయింది! నేను ల్యాబ్ అంతా గెంతాను. మా పెద్ద, రిజ్వానా మేడం, గెంతలేదు. ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నారు. ఆయన ఏడుస్తున్నాడని నేను చాలాసేపు చూడనే లేదు.

తర్వాత అసలు పరీక్ష. తంబురా చెప్పే తేదీల్ని నిజం తేదీలతో పోల్చి చూడాలంటే, పుస్తకం సరిగ్గా రాసిన పనిచోటు కావాలి. "అలాంటి బాధ్యుడు ఎక్కడ దొరుకుతాడమ్మా?" అన్నారు మేడం. నేను కుర్చీలోంచి లేచిపోయాను.

"మా మావయ్య ఉన్నాడు మేడం!"

పోయిన వారం, బుధవారం పొద్దున్న, తంబురా షెడ్డుకి వచ్చింది. ఒత్తే పని ఆపి అందరూ కొంగుకి చేతులు తుడుచుకున్నారు. పైడమ్మ అందరిలోకి పెద్దది, మావయ్యకి అక్క వరస, ఆయన పైడప్ప అంటాడు, నేను పైడి పెద్దమ్మ అంటాను. చిన్నప్పుడు బడి అవగానే అమ్మా నాన్నా డ్యూటీల్లో ఉంటే నాకు జడ వేసిందీ, అన్నం పెట్టిందీ ఆవిడే. ఏడాదిగా దగ్గుతోంది.

"ఏటే గుంటా, నా యీపు మీద అట్లు పోస్తావేటి?"

"కదలకు పెద్దమ్మా, పాట వింటున్నాను."

"నా లోపల పాటలేటుంటాయే. పిండి ఉంటాది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తెర మీద తేదీలు పడటం మొదలైంది.

మార్చి. మార్చి. మార్చి. ఏడాది మారింది, మళ్ళీ మార్చి. పన్నెండు మందిలోనూ, మావయ్యలోనూ అవే తేదీలు. నేను మావయ్య పుస్తకం తెరిచి చూశాను. ప్రతి మార్చిలోనూ ఒకే వాక్యం ఉంది, గుండ్రటి అక్షరాలతో: "శివరాత్రి వెళ్ళింది. రేకులు గీకి సున్నం వేశాం. షెడ్డు చల్లబడింది."

రేకుల షెడ్డు వేడి ఎలా ఉంటుందో మీకు తెలుసుకదా. ఫ్యాను వెయ్యడానికి లేదు, గాలి తగిలితే అప్పడం అంచులు ముడుచుకుపోతాయి. ఉన్న ఒకే దారి రేకులకి తెల్లగా సున్నం కొట్టడం. సున్నం పట్టాలంటే పాత సున్నం, నాచు గీకాలి. చట్టం రాకముందు మావయ్య ఏటా తనే పైకెక్కి ఇనుపతీగల బ్రష్షుతో గీకేవాడు. తడిపి గీకితే పీచు లేచేది కాదు. కానీ తడిపితే బోల్టుల దగ్గర నీళ్ళు కారి కింద పిండిలో పడతాయి. అందుకని పొడిగా గీకేవాడు, కింద వీళ్ళు ఒత్తుతూనే ఉండేవాళ్ళు. పిండి పాడవకూడదు, ఆడవాళ్ళకి ఎండ తగలకూడదు. ఈ రెండే ఆయన చూసుకున్నది.

మావయ్య తెర ముందు నిలబడి ఒక్కో మార్చినీ వేలితో తాకాడు.

"చల్లగా ఉంటాదని కదే వేశాను," అన్నాడు.

పైడమ్మ అంది. "వేశావు గనకే ఈ షెడ్డులో ఇన్నేళ్ళు కూకున్నాం. నేకపోతే ఏ వేసవికాలమో వొడదెబ్బ కొట్టి పోయీవోళ్ళం. ఆ మొకం ఏటలాగ? సచ్చినోడి ముందు నిలబడ్డట్టు. ఇంకా బతికే ఉన్నాం."

మావయ్య నవ్వబోయాడు, రాలేదు. గబగబా చొక్కా మీద బిళ్ళ సర్దుకున్నాడు. ఎందుకంటే ఇప్పుడు చట్టం ప్రకారం ఆయన పని మొదలైంది. పీచు పీల్చిన ప్రతి మనిషినీ బాధ్యుడే వేరుగా కూర్చోబెట్టి, కాగితం చూపించి అడగాలి. దాని మీద రెండు గడులు ఉంటాయి: నా ఫలితం నాకు చెప్పండి, నా ఫలితం నాకు చెప్పొద్దు. ఏడు రోజుల్లోగా సంతకం పెట్టాలి. ఏది పెట్టినా ఏటా ఉచితంగా ఊపిరితిత్తుల పరీక్ష, జబ్బు వస్తే వైద్యం ఉంటాయి. ఆ డాక్టర్లు తమకి తాముగా ఏమీ చెప్పరు. ఎంత పీచు ఉందో వినాలా వద్దా అన్నదే మన చేతిలో ఉంది. పీచు ఉన్నంతమాత్రాన జబ్బు వస్తుందనీ లేదు, వస్తే ముప్పై నలభై ఏళ్ళకి కూడా రావచ్చు. తంబురా ఎంత ఉందో చెప్తుంది కానీ ఏమవుతుందో చెప్పదు.

పదకొండు మంది చెప్పమన్నారు. నూకరత్నం పిన్ని మాత్రం చెప్పొద్దు అనే గడిలో పెట్టింది. నేను ఊరుకోవాలి కదా? ఊరుకోలేదు. పక్కన కూర్చుని క్లాసు పీకాను.

"తెలుసుకుంటే భయం పోతుంది పిన్నీ. తెలీకపోవడమే అసలు భయం."

"నీకు పోద్ది. నాకు వొస్తాది," అంది తన అప్పడాల కర్ర చేతిలోకి తీసుకుంటూ. "అది తెలిసిందంటే నాకు ఇంక అప్పడం గుండ్రంగా రాదే."

నాకు కోపం వచ్చింది. ఇంత గొప్ప యంత్రం చేస్తే వద్దంటుందేమిటి అనుకున్నాను. ఇది గుర్తు పెట్టుకోండి.

మర్నాడు ల్యాబ్‌లో అన్ని తేదీలనీ పుస్తకంతో పోల్చాం. అన్నీ సరిపోయాయి. ఒక్కటి తప్ప. మే పన్నెండు, పదిహేనేళ్ళ కిందటిది. పదిహేడో రేకు. మావయ్యలోనూ, పైడమ్మలోనూ, ఇంకో నలుగురిలోనూ మార్చిలన్నీ కలిపినదాని కంటే ఆ ఒక్కరోజు పీచే ఎక్కువ. పుస్తకంలో ఆ రోజు లేదు.

"ఈ రోజు బాధ్యుడి పుస్తకంలోకి ఎక్కాలి," అన్నారు రిజ్వానా మేడం. "లేకపోతే ఆ రోజు షెడ్డులో ఉన్నవాళ్ళు ఎక్కువ పీల్చినవాళ్ళ జాబితాలోకి రారు. ఆ జాబితాలో ఉంటేనే ఆర్నెల్లకోసారి పెద్ద స్కాన్. పైడమ్మగారికి అది కావాలి హంసినీ. ఆ దగ్గు నాకు నచ్చలేదు."

పదిహేడో రేకు పేజీ తీశాను. చట్టం వచ్చిన కొత్తలో డ్రోన్‌తో తీసిన ఫొటో అంటించి ఉంది. కప్పంతా తెల్లగా ఉంది, మధ్యలో మసగ్గా రెండు గీతల గుంపులు. ఫొటో కింద మావయ్య రాత: "పాత మచ్చలు. ఎవరూ కదపలేదు."

నేను ఫొటోని తలకిందులుగా తిప్పాను.

హం. సి.

గుర్తొచ్చింది. అంతా ఒక్కసారిగా. అప్పట్లో విమానాలు మా నెత్తిమీంచే దిగేవి, విమానాశ్రయం ఇంకా భోగాపురం వెళ్ళలేదు. తొమ్మిదో పుట్టినరోజు వెళ్ళిన మర్నాడు. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళందరికీ నా పేరు కనిపించాలనుకున్నాను! ఆ ఏడు ఎండలు మండిపోయి రెండో పూత వేస్తున్నారు, పైన చెక్కపలక అలాగే ఉంది, బ్రష్షు ఉంది. మావయ్య భోజనానికి ఇంటికెళ్ళాడు. నిచ్చెనెక్కి, పలక మీద బోర్లా పడుకుని, సున్నం దాటి రేకులోకి దిగేదాకా గీకాను. ఎంత సంతోషంగా గీకానో! కింద సరిగ్గా పైడి పెద్దమ్మ వాళ్ళ వరస. రేకుల సందుల్లోంచి తెల్లగా రాలుతుంటే పిండి అనుకున్నారు. మావయ్య వచ్చి చూసి, నన్ను చంకనేసుకుని దింపి, గంటసేపు తనే ఊడ్చాడు. పొడిగానే. ఆ రోజు పిండంతా పారబోశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. పైగా ఆ తర్వాత ప్రతి మార్చిలోనూ సున్నం వేసేటప్పుడు ఆ రెండక్షరాల చుట్టూ వేసి, అక్షరాల్ని మాత్రం వదిలేసేవాడట. నలభై రెండు రేకుల పుస్తకంలో ఆయన రాసిన ఒకే ఒక్క అబద్ధం అది.

పుస్తకం పట్టుకుని షెడ్డుకి పరిగెత్తాను. మావయ్య పిండి తూకం వేస్తున్నాడు. పేజీ తెరిచి ముందు పెట్టాను. చూసి, తక్కెడ దించి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మచ్చే కదే అది."

"మావయ్యా."

"అయితే నేను రాస్తాను. ఇలా ఇయ్యి. మే పన్నెండు. కదిపినవారు, గండ్రెడ్డి అప్పలకొండ. అయిపోయింది. అందరికీ స్కాన్ వొస్తాది. ఊడ్చింది నేనే కదా, అబద్ధమేటి?"

"ఊడ్చావని రాయి. గీకింది నేను."

"తొమ్మిదేళ్ళే నీకు! బ్రష్షు అక్కడ వొదిలేసింది నేను, నిచ్చెన తియ్యనిది నేను. నీకేటి తెలుసు?"

"చిన్నపిల్లల్ని చట్టం ఏమీ అనదు మావయ్యా. తప్పు రాస్తే నిన్ను అంటుంది. బిళ్ళ తీసేస్తారు."

"తియ్యనీ! బిళ్ళ పోతే పోద్ది. ఈ గడిలో నీ పేరు ఉండకూడదు. రేపు పైడప్పకి ఏటైనా అయితే, ఈ పేజీ తెరిచినప్పుడల్లా నువ్వు నీ పేరు చూసుకుంటావే, పిచ్చిదానా. అందుకే మచ్చలని రాశాను."

ఇద్దరం తక్కెడకి అటొకరూ ఇటొకరూ నిలబడి ముక్కులు తుడుచుకుంటున్నాం. వెనకనుంచి దగ్గు వినిపించింది. పైడమ్మ. ఎప్పుడొచ్చిందో, అంతా విన్నది.

నేను పెన్ను తీసుకున్నాను. కదిపినవారు అన్న గడిలో హంసిని అని రాశాను. అక్షరాలు తొమ్మిదేళ్ళప్పటిలాగే వంకరగా వచ్చాయి. పెద్దమ్మ ముఖంలోకి చూడలేకపోయాను.

ఆవిడ వచ్చి పేజీ మీదికి వంగింది. ఆవిడకి చదవడం రాదు, కానీ ఆ మొదటి అక్షరాలు రెండూ, అప్పడాలు ఎండబెట్టే మేడ మీంచి ఏళ్ళ తరబడి రేకు మీద చూసినవే.

"రేకు మీద నీ పేరు రాసుకున్నావు. పుస్తకంలోనూ రాసుకున్నావు. ఇంక ఏడుపాపి, ఆ కింద మా పేర్లు కూడా రాయి, స్కాను కావాలి," అంది. తర్వాత నా నెత్తిమీద ఒక్క మొట్టికాయ వేసింది, గట్టిగా. "ఇది పదిహేనేళ్ళ కిందటి బాకీ. పిండంతా పారబోయించావు గుంటా."

పెద్దమ్మకి పెద్ద స్కాన్ నిన్ననే అయింది. కుడివైపు కింద ఏదో చిన్న నీడ ఉందట, తొందరగానే దొరికింది, మందులు మొదలుపెట్టారు. డాక్టరు నవ్వుతూనే చెప్పారు. ఆవిడ ఈరోజు పనిలోకి కూడా వచ్చింది.

అయిపోయిందనుకున్నారా? నేనూ అనుకున్నాను.

పేర్లన్నీ రాశాక మావయ్య పుస్తకం తనవైపు తిప్పుకుని, నియమాల కాగితం మీద వేలు పెట్టి వరసగా చదివాడు. "పీచును కదిపిన వ్యక్తి కూడా పీల్చిన వ్యక్తే." ఇంకోసారి చదివాడు. నా వైపు చూశాడు.

నేనెప్పుడూ తంబురా కింద కూర్చోలేదు. మూడేళ్ళు దాన్ని తయారుచేశాను, వందల వీపుల మీద పెట్టాను, నా వీపు మీద పెట్టుకోవాలని తోచనే లేదు. లేక తోచిందేమో. శుక్రవారం రిజ్వానా మేడమే పెట్టారు. తెరని నాకు కనపడకుండా అటు తిప్పారు. ఫలితం నియమం ప్రకారం కవరులో బాధ్యుడికి వెళ్ళింది.

మావయ్య షెడ్డు గుమ్మంలో కూర్చుని కవరు విప్పాడు. ఆయన ముఖాన్ని నేను పుట్టినప్పట్నుంచీ చదువుతున్నాను, కరెంటు బిల్లు చూసినా తెలిసిపోతుంది. ఆరోజు మాత్రం ఏమీ దొరకలేదు. ఎలా చేశాడో తెలీదు. కాగితం నాలుగు మడతలు పెట్టి, బిళ్ళ ఉన్న జేబులో పెట్టుకుని, చొక్కా గుండీలు అన్నీ పెట్టుకుని, నన్ను ఎదురుగా పీట మీద కూర్చోబెట్టాడు.

"హంసిని గారూ," అన్నాడు.

జీవితంలో మొదటిసారి నన్ను గారూ అన్నాడు. నియమం అలాగే ఉంది, అందరినీ అలాగే అడిగాడు, పైడమ్మని కూడా.

"మీ ఫలితం మీకు చెప్పమంటారా, వొద్దంటారా?"

రెండు గడులు. పక్కన నూకరత్నం పిన్ని ఏమీ ఎరగనట్టు అప్పడం ఒత్తుతోంది, చందమామంత గుండ్రంగా. ఒక్క మాట దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది.

ఆరు రోజులు అయిపోయాయి. కాగితం ఇదిగో, ఇప్పుడు నా ముందే ఉంది, పెన్ను కూడా. మావయ్య రోజూ ఫోన్ చేస్తాడు, తిన్నావా అంటాడు, కాకులు కెమెరాలో గూడు పెట్టాయంటాడు, దీని గురించి మాత్రం అడగడు. నాకు చెప్పకుండా ఆ జేబులో మోస్తూ ఎన్నాళ్ళైనా తిరగగలడు, ఆ మనిషి. పదేళ్ళకి పైగా నా పేరు చుట్టూ సున్నం వేసినవాడు.

రేపు ఐదింటికి ఆఖరు. మీరైతే ఏ గడిలో సంతకం పెడతారు?